మట్టి మనిషి, తెర మనిషి: బరువు మోసేదెవరు?

నంద్యాల దగ్గరి ఒక పల్లె నుంచి పోయిన వేసవిలో ఒకామె కర్నూలులో మా షెడ్డుకు వచ్చింది. చేతిలో పాస్‌పోర్టు సైజు ఫొటో ఒకటి, ఫోన్లో ఇంకో రెండు. వాళ్ల నాయన పోయి ఏడాది కావస్తోంది. పప్పుశనగ చేను గట్టున, సమాధి పక్కన ఆయన విగ్రహం పెట్టాలని ఆమె, అన్నదమ్ములు కలిసి అనుకున్నారు. మన వైపు ఊళ్లలో ఇలాంటి విగ్రహాలు ఇప్పుడు చాలా కనిపిస్తాయి. తలపాగా, పంచె, చేతిలో కర్ర.

కూర్చోగానే ఆమె అడిగింది: "అన్నా, మట్టితో చేస్తే మూడు నెలలు పడుతుందంటున్నారు. కంప్యూటర్లో చేస్తే వారంలో అయిపోతుందంట కదా?"

నేను ఇరవై ఏళ్లుగా మట్టితో, ఏడెనిమిదేళ్లుగా కంప్యూటర్లో కూడా మనుషుల బొమ్మలు చేస్తున్నాను. అయినా ఆమెకు ఆరోజు సరైన జవాబు చెప్పలేకపోయాను. "చేయొచ్చమ్మా, చూద్దాం" అన్నాను. ఆ ప్రశ్నలో మూడు వేర్వేరు పనులు కలిసిపోయి ఉన్నాయని అప్పుడు విడదీసి చెప్పి ఉంటే ఇద్దరికీ నెల రోజుల శ్రమ తప్పేది.

మొదటి పని రూపాన్ని పట్టుకోవడం. ఆ మనిషి ఎలా నిలబడేవాడు, మెడ ఎటు వంచేవాడు, దవడ ఎంత వెడల్పు అనేది తేల్చుకోవడం. రెండోది ఆ రూపాన్ని కావలసిన పరిమాణానికి పెంచడం. మూడోది ఎండకు, వానకు నిలిచే పదార్థంలోకి మార్చడం. ఈ మూడింటికీ కలిపి మనం "మట్టితో చేశాడు", "కంప్యూటర్లో చేశాడు" అనే ఒక్క మాట వాడేస్తాం. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. రెండో పనిలో కంప్యూటర్ గెలిచి చాలా కాలమైంది. మూడో పనిలో పాత పద్ధతులే ఇంకా నడుస్తున్నాయి. అసలు వాదన ఉండాల్సింది మొదటి పని దగ్గర.

మనిషి నిలబడటం అనే విద్య

లేపాక్షి నాట్యమండపం స్తంభాల మీద దేవతలు, నాట్యగత్తెలు, వాద్యగాళ్ల బొమ్మలున్నాయి. వాటిలో శివభక్తుడైన భృంగికి మూడు కాళ్లు. ఒంట్లో సత్తువంతా పోయి నిలబడలేకపోతే శివుడు మూడో కాలు ఇచ్చాడని కథ. శిల్పం చేసేవాడికి ఆ కథలో ఒక సాంకేతిక సత్యం కనిపిస్తుంది. ముక్కాలిపీట ఎగుడుదిగుడు నేల మీద కూడా కదలకుండా నిలుస్తుంది. రెండు కాళ్ల మీద నిలబడటం మాత్రం ఒక స్థితి కాదు, ఆగకుండా చేస్తూ ఉండే పని. నిలబడిన మనిషి ప్రతి క్షణం పడబోతూ, తనను తాను సర్దుకుంటూ ఉంటాడు. మనిషి బొమ్మకు ప్రాణం వచ్చినట్టు అనిపించేది ఆ సర్దుబాటు కనిపించినప్పుడే.

మీరే అద్దం ముందు నిలబడి చూడండి. బరువంతా కుడికాలి మీద వేసి ఎడమకాలు వదులు చేయండి. కుడి తుంటి పైకి లేస్తుంది. దానికి బదులుగా కుడి భుజం కిందికి దిగుతుంది. వెన్నెముక వంపు తిరుగుతుంది. గొంతుగుంట దగ్గర దారానికి గుండు కట్టి వదిలితే అది బరువు మోస్తున్న కాలి లోపలి చీలమండ దగ్గరికి వచ్చి ఆగుతుంది. ఈ ఒక్క గీత తప్పితే బొమ్మ ఎంత నునుపుగా ఉన్నా పడిపోతున్నట్టే కనిపిస్తుంది. చూసేవాళ్లు కారణం చెప్పలేరు కానీ ఏదో తేడా ఉందంటారు. చీలమండలకు కూడా ఒక లెక్క ఉంది: బయటిది లోపలిదానికంటే ఎప్పుడూ కిందుగా ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లలో చాలామంది రెండూ సమానంగా పెడతారు, పాదం బూటులా తయారవుతుంది.

మన శిల్పశాస్త్రాలు ఈ శరీరాన్ని తాళాలతో కొలిచాయి. ముఖం పొడవు ఒక తాళం, దానిలో పన్నెండో వంతు ఒక అంగుళం. ఇది టేపు మీద ఉండే అంగుళం కాదు, ఆ బొమ్మకు మాత్రమే చెందిన కొలత. నవతాళ పద్ధతిలో బొమ్మ మొత్తం 108 అంగుళాలు: ముఖం 12, మెడ 4, మెడ నుంచి రొమ్ము వరకు 12, అక్కణ్నుంచి బొడ్డు వరకు 12, బొడ్డు కింద 12, తొడ 24, మోకాలు 4, పిక్క 24, పాదం 4. గొప్ప దేవతలకు దశతాళంలో పెద్ద రకమైన ఉత్తమ దశతాళం, అంటే 124 అంగుళాలు. నిజమైన మనిషి తన తలకు దాదాపు ఏడున్నర రెట్లు ఉంటాడు, కానీ తాళం ముఖం పొడవే, తల మొత్తం కాదు కాబట్టి ఈ రెండు లెక్కలనూ నేరుగా పోల్చకూడదు.

ఇక్కడ నాకు చాలా ఇష్టమైన విషయం ఒకటి ఉంది. అంగుళం బొమ్మతో పాటు పెరిగి బొమ్మతో పాటు తగ్గుతుంది కాబట్టి ఆ లెక్కకు సొంత పరిమాణం లేదు. అదే లెక్కతో జానెడు బొమ్మా చేయొచ్చు, తాటిచెట్టంత బొమ్మా చేయొచ్చు. కంప్యూటర్ ఫైలు గురించి మనం గొప్పగా చెప్పుకునే మాట కూడా ఇదే. కొలత లేని నిష్పత్తుల లెక్క మన స్థపతులకు వందల ఏళ్లుగా తెలుసు.

మట్టికి ఒక పదును ఉంది

మన జిల్లాల్లో మట్టికి కొదవ లేదు కానీ ఏ మట్టి పడితే అది బొమ్మకు పనికిరాదు. నంద్యాల, కోవెలకుంట్ల వైపు నల్లరేగడి చూడండి. ఇంగ్లీషు పుస్తకాల్లో ఈ నేలకు రాసే రెగర్ అనే పేరు మన 'రేగడి' నుంచి పోయిందే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కాలు ఇరుక్కునేంత నెర్రెలు విచ్చుతుంది. అందులో ఉండే మాంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజం తన పొరల మధ్యకు నీళ్లు పీల్చుకుంటుంది. పత్తికి, శనగకు అది వరం. అదే మట్టితో ముఖం చేస్తే ఆరేలోపు చెంపలు పగులుతాయి. అందుకే చెరువు అడుగు మట్టి తెచ్చి, నానబెట్టి, జల్లించి, సన్న ఇసుక కలిపి, రోజుల తరబడి మాగబెడతాం.

వాన పడ్డాక రైతు మన్ను పిడికిట్లో నొక్కి చూసి పదునైందో లేదో చెబుతాడు. బొమ్మ చేసేవాడి పరీక్ష కూడా అదే. నీళ్లెక్కువైతే మట్టి చేతికి అంటుకుని జారుతుంది, తక్కువైతే కొత్త ముద్ద పాత ముద్దతో కలవదు. నుదురు మలచడానికి ఒక పదును, కనురెప్ప అంచు తీయడానికి ఇంకొంచెం గట్టిపడిన పదును కావాలి. కాబట్టి పని క్రమాన్ని మట్టే నిర్ణయిస్తుంది. ముందు పెద్ద ముద్దలు, తర్వాత తలాలు, చివరికి చర్మం. తొందరపడి మొదటిరోజే రెప్పలు తీద్దామంటే మట్టి ఒప్పుకోదు. రాత్రి తడిగుడ్డ, దాని మీద ప్లాస్టిక్ పట్టా కప్పకుండా ఇంటికి పోతే అనంతపురం ఎండాకాలంలో తెల్లారేసరికి చెవులు, వేళ్లు ముందుగా ఎండి రాలిపోతాయి.

ఇక బరువు. తడి మట్టి నీళ్లకంటే దాదాపు 1.8 రెట్లు బరువు. మన శరీరం నీళ్లంత సాంద్రతే ఉంటుంది. అంటే 65 కిలోల మనిషిని అదే కొలతలో మట్టితో నింపి చేస్తే సుమారు 120 కిలోలు. ఆ బరువు మోయడానికి లోపల ఇనుప చట్రం కావాలి. దాన్ని ఆర్మేచర్ అంటాం. కాళ్లలో, వెన్నులో లావు కమ్మీలు, చేతుల్లో అల్యూమినియం తీగ, మట్టి జారిపోకుండా మధ్యమధ్యలో తీగకు వేలాడదీసిన కర్ర ముక్కలు. తుంటి ఎంత వాలాలో, భుజం ఎటు దిగాలో ఈ కమ్మీ వంచేటప్పుడే తేలిపోవాలి. తర్వాత మోకాలు రెండంగుళాలు ముందుకు జరపాలనిపిస్తే పైనున్న మట్టి అంతా తీసేయాలి. నాకు ఇలా ఒకసారి జరిగింది. పదకొండు రోజుల పని ఒక పూటలో పెరికేశాను. ఆ తర్వాత కమ్మీ వంచే ముందు నేనే గంటసేపు ఆ భంగిమలో నిలబడటం అలవాటైంది. ఏ కాలు ముందు నొప్పి పుడుతుందో చూసుకుంటాను. బరువు అక్కడుందని అర్థం.

చాలామంది అనుకునేదానికి భిన్నంగా, ఇంత కష్టపడి చేసిన మట్టి బొమ్మ చివరకు మిగలదు. చెరువు మట్టి ఆరేసరికి నూటికి ఐదు నుంచి ఎనిమిది వంతులు కుంగుతుంది, కాలిస్తే మొత్తం పది పన్నెండు వంతుల దాకా పోతుంది. ఐదున్నర అడుగుల మనిషి ఐదడుగులవుతాడు. లోపల ఇనుము కుంగదు కాబట్టి పగలక తప్పదు. మందంగా ఉన్నచోట తేమ మిగిలితే ఆవంలో ఆవిరై పేలుతుంది. అందుకే నిలువెత్తు విగ్రహాన్ని కాల్చం. మట్టి తడిగా ఉండగానే దాని మీద ప్లాస్టర్ పోసి మోల్డ్, అంటే అచ్చు, తీస్తాం. ప్లాస్టర్ మొదటి పూతలో కొంచెం నీలిమందు కలిపే పద్ధతి ఒకటుంది. తర్వాత ఆ మోల్డ్‌లో బొమ్మ పోతపోసి, మోల్డ్‌ను ఉలితో చెక్కి తీసేటప్పుడు నీలం రంగు కనిపించగానే లోపలి బొమ్మ దగ్గరపడిందని చెయ్యి నెమ్మదిస్తుంది. మోల్డ్ లోంచి తీసేటప్పుడు మట్టి బొమ్మ ముక్కలైపోతుంది. ఆ మట్టినే మళ్లీ తొట్టిలో వేసి నానబెడతాం. మిగిలేది ఫైబరో, సిమెంటో, కంచో. "అసలు" అనుకునే మట్టి పద్ధతిలో కూడా మీరు చూసేది నకలునే.

ఆళ్లగడ్డ శిల్పుల పని దీనికి పూర్తిగా వేరు. భౌగోళిక గుర్తింపు పొందిన ఆ రాతిపనిలో తీసేయడమే ఉంటుంది, అతికించడం ఉండదు. ఢిల్లీలో ఇండియా గేట్ దగ్గర 2022లో పెట్టిన 28 అడుగుల నేతాజీ విగ్రహానికి తెలంగాణ నుంచి తీసుకెళ్లిన గ్రానైట్ రాయి 280 టన్నులు, పూర్తయిన విగ్రహం 65 టన్నులు. నాలుగింట మూడు వంతులకు పైగా రాయి తీసేస్తేనే మనిషి బయటికొచ్చాడు. మట్టిలో పెట్టొచ్చు, తీయొచ్చు. ఈ విషయంలో తెర మీది పని రాయికంటే మట్టికే దగ్గరి చుట్టం.

తెర మీద మట్టి అంటే ఏమిటి

చేపల వల ఒకటి ఊహించుకోండి. దాన్ని బంతి ఆకారంలో గాలిలో నిలబెట్టాం. కంప్యూటర్లో బొమ్మ అంటే ఆ వలే. లోపల ఏమీ ఉండదు, ఉపరితలం మాత్రమే ఉంటుంది. ముడులు బిందువులు, ముడుల మధ్య కళ్లు బొమ్మ చర్మం. డిజిటల్ పెన్నుతో నొక్కితే ముడులు లోపలికి పోతాయి, లాగితే బయటికి వస్తాయి. ఎంత గట్టిగా నొక్కితే అంత లోతు. ముక్కు కోసం ఒకేచోట లాగుతూ పోతే వల కళ్లు సాగిపోయి వెడల్పవుతాయి, అక్కడ ఇక నాసికారంధ్రం తీయడానికి ముడులు చాలవు. అప్పుడు ఒక మీట నొక్కితే ప్రోగ్రాం ఆ ఆకారం మీద సమానమైన కళ్లతో కొత్త వల అల్లి ఇస్తుంది. ముద్దను మళ్లీ పిసికి పదును చేసినట్టే. ముఖం పూర్తయ్యేసరికి ఆ వలలో లక్షల కళ్లుంటాయి.

ఈ పనికి సినిమా, గేమ్ కంపెనీలు ఎక్కువగా వాడేది జీబ్రష్ అనే ప్రోగ్రాం. ట్యాబ్లెట్‌లో పనిచేసేవాళ్లకు నోమాడ్ ఉంది. బ్లెండర్ అందరికీ ఉచితం. మన ఊళ్లలో పిల్లలకు నేను ముందు చెప్పేది బ్లెండరే.

తెర ఇచ్చే లాభాలు నిజమైనవి. తప్పు చేస్తే వెనక్కి వెళ్లొచ్చు. మోకాలు జరపాలంటే పదకొండు రోజుల పని పెరకక్కర్లేదు. ఒకే తలకు మూడు రకాల మీసాలు పెట్టి ఇంటివాళ్లకు చూపించొచ్చు. రాత్రి అలాగే వదిలి ఇంటికి పోయినా మట్టి ఎండుతుందన్న టెన్షన్ లేదు. సిమెంటు, ప్లాస్టర్ దుమ్ముతో ఊపిరితిత్తులు పాడయ్యే ప్రమాదం కూడా లేదు. ఈ మాట చిన్నది కాదు, మా వృత్తిలో దగ్గుతో బతికిన పెద్దలను చూశాను.

కానీ ఆ వలకు బరువు లేదు, ఎండిపోయే గడువు లేదు, పరిమాణం లేదు. మట్టి మన చేత బలవంతంగా చేయించే మూడు నిర్ణయాలు ఇక్కడ వాయిదా పడతాయి. తెర మీద మనిషి కాళ్లు నేలకు తాకకపోయినా పడిపోడు. తుంటి వాలకపోయినా వల ఏమీ అనదు. రెప్పలు మొదటి గంటలోనే తీయొచ్చు. జూమ్ చేసి చర్మం మీద రంధ్రాలు కూడా పెట్టొచ్చు, కింద పుర్రె ఆకారం తప్పుగా ఉన్నా సరే. దూరం నుంచి చూడటం అనే అలవాటు పోతుంది. షెడ్డులో మట్టి బొమ్మ చుట్టూ రోజుకు వందసార్లు నడుస్తాం, గుమ్మం దాకా వెనక్కి వెళ్లి చూస్తాం. తెర ముందు కూర్చున్నవాడు బొమ్మను తిప్పుతాడు, తాను తిరగడు.

ఇంకో చిక్కు అద్దం గీత. ఎడమ చెంప మలిస్తే కుడి చెంప దానంతటదే వచ్చే సౌకర్యం ఉంది. పని సగమవుతుంది. ఏ మనిషి ముఖంలో రెండు సగాలూ ఒకేలా ఉండవు. ఒకవైపే నమిలే అలవాటున్న మనిషి దవడ, ఎండకు ఒక కన్ను చికిలించి చూసే రైతు రెప్ప, కర్ర పట్టిన చేతివైపు వాలిన భుజం: ఇవే ఆ మనిషి. అద్దం గీత వాటన్నిటినీ తుడిచేస్తుంది.

నా తప్పు ఎక్కడ జరిగింది

ఆమె అడిగినట్టే నేను ముందు కంప్యూటర్లో చేశాను. తొమ్మిది రోజుల్లో తల, ఒళ్లు తయారయ్యాయి. బొమ్మను తిప్పుతూ వీడియో తీసి ఫోన్లో పంపాను. అన్నదమ్ములందరూ బాగుందన్నారు. తలను నిజమైన కొలతలో ప్రింట్ తీసి చూపిస్తే ఆమె చాలాసేపు నిలబడి, "ఇది మా నాయన కాదన్నా. నాయన ఫొటో" అంది.

ఆ మాట అక్షరాలా నిజం. నేను ఫొటోనే చేశాను. ఫోన్ ఫొటో దగ్గర నుంచి తీసింది. ముక్కు కొన నుంచి చెవి దాకా లోతు సుమారు 12 సెంటీమీటర్లు. కెమెరా ముక్కుకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే చెవికి 42 దూరంలో ఉంటుంది. అంటే చెవితో పోలిస్తే ముక్కు 1.4 రెట్లు పెద్దగా పడుతుంది. అదే మీటరున్నర దూరం నుంచి తీస్తే ఆ తేడా 1.08 రెట్లే. పైగా తెర మీద బొమ్మను చూపించేది కూడా ఒక కెమెరాయే, దాని లెన్స్ కోణాన్ని ప్రోగ్రాంలో మనమే పెట్టుకుంటాం. నేను ఫొటోకు సరిపోయేలా ఆ కోణం మార్చుకుంటూ పోయాను. ఫోన్లో వీడియో చూసినవాళ్లకు ఫొటో గుర్తొచ్చింది, అందుకే బాగుందన్నారు. నిజమైన గదిలో, నిజమైన వెలుతురులో, నిజమైన కొలతలో తల కనిపించేసరికి మనిషి గుర్తొచ్చాడు, ఇది ఆ మనిషి కాదని తెలిసిపోయింది.

ఎదురుగా తీసిన ఒక్క ఫొటోతో మట్టిలో చేసేవాళ్లకూ ఇదే ఇబ్బంది. పక్కనుంచి ముక్కు ఎంత ఎత్తో ఫొటో చెప్పదు. పాతకాలపు శిల్పులు చేసే పని ఒకటుంది: చనిపోయినాయన తమ్ముణ్నో, పెద్దకొడుకునో పిలిపించి పక్కన కూర్చోబెట్టుకుంటారు. ఎముక వంశంలో నడుస్తుంది.

పెంచడం, ప్రింట్ తీయడం

పరిమాణం దగ్గర కంప్యూటర్‌కు సాటి లేదు. ఇదివరకు రెండడుగుల నమూనాను ఎనిమిదడుగులు చేయాలంటే మూడు వృత్తలేఖినులతో ఒక్కో బిందువు కొలుస్తూ వారాలు గడిచేవి. కొలత ఒకచోట జారితే ముఖమంతా పక్కకు పోయేది. ఇప్పుడు నమూనాను స్కాన్ చేసి, ఫైల్లో పెంచి, యంత్రంతో థర్మోకోల్ దిమ్మెలను కోయిస్తారు. గుజరాత్‌లో 2018లో ఆవిష్కరించిన 182 మీటర్ల పటేల్ విగ్రహానికి కూడా రామ్ సుతార్ ముందు 30 అడుగుల నమూనా చేశారు. దాన్ని స్కాన్ చేసి పెంచి, కంచు పలకలుగా పోతపోశారు. అంత పెద్ద పనిలో కూడా రూపం ఒక శిల్పి నుంచి, పరిమాణం యంత్రం నుంచి వచ్చాయి.

అయితే పెంచడం అంటే సంఖ్య మార్చడం మాత్రమే కాదు. ఎత్తు నాలుగు రెట్లయితే చీలమండ అడ్డుకోత వైశాల్యం 16 రెట్లు పెరుగుతుంది, బరువు 64 రెట్లు పెరుగుతుంది. చీలమండలో ప్రతి చదరపు అంగుళం మీద భారం నాలుగింతలు. అందుకే పెద్ద విగ్రహాలకు పంచె కుచ్చిళ్లు నేల దాకా దించుతారు, కర్రనో, చెట్టు మొద్దునో కాలి పక్కన ఆనిస్తారు. మనం అలంకారం అనుకునేది చాలాసార్లు ఆధారం. ఏడడుగుల విగ్రహం ఐదడుగుల దిమ్మె మీద నిలిస్తే చూసేవాళ్లు కిందనుంచి చూస్తారు, తల చిన్నదిగా కనిపిస్తుంది. దానికి తగ్గట్టు తల కాస్త పెంచాలి. ఎంత పెంచాలో ప్రోగ్రాం చెప్పదు.

త్రీడీ ప్రింటర్ దగ్గర బరువు మళ్లీ ఎదురొస్తుంది. ప్లాస్టిక్ తీగను కరిగించి పొర మీద పొర పోస్తుంది, ఒక్కో పొర సుమారు 0.2 మిల్లీమీటర్లు. చాచిన చెయ్యి కింద ఏమీ లేకపోతే పొర గాలిలో జారిపోతుంది, కాబట్టి కింద తాత్కాలిక గుంజలు కట్టాలి. తర్వాత వాటిని విరిచి, మచ్చలు సానబెట్టి, ముక్కల అతుకులకు లప్పం పెట్టాలి. వారంలో అయిపోతుందన్న లెక్కలో ఈ పని ఎవరూ కలపరు.

స్కాన్ గురించి కూడా ఒక మాట. బతికున్న మనిషిని నేరుగా స్కాన్ చేసి విగ్రహం చేస్తే అది శిల్పమేనా అని ఇప్పుడు వాదిస్తున్నారు. ఫ్రాన్స్‌లో రొదాఁ అనే శిల్పి 1877లో ఒక యువకుడి నిలువెత్తు బొమ్మ ప్రదర్శిస్తే, అది మలచింది కాదని, మనిషి ఒంటి మీద నేరుగా అచ్చు తీశాడని ఆరోపించారు. ఆయన చాలా నొచ్చుకున్నాడు. తర్వాత చేసిన మరో బొమ్మను ఎవరూ ఆ మాట అనడానికి వీల్లేకుండా మనిషికంటే పెద్దదిగా చేశాడు. స్కాన్ కొలతలన్నీ ఇస్తుంది. కానీ స్కాన్ కోసం ఊపిరి బిగబట్టి నిలబడిన మనిషి మనకు తెలిసిన మనిషిలా ఉండడు. స్కాన్‌ను కొలతగా వాడుకోవడంలో తప్పేమీ లేదని, దాన్నే బొమ్మగా ఇచ్చేయడం మాత్రం పని సగంలో ఆపడమని నా అభిప్రాయం.

ఏది ముందు నేర్చుకోవాలి

కడపలో 2020లో మొదలైన డాక్టర్ వై.ఎస్.ఆర్. ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో శిల్పకళ, యానిమేషన్ రెండూ నేర్పుతున్నారు. ఇంటర్ పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు ఏది ఎంచుకోవాలని అడుగుతుంటారు. ఉద్యోగాలు తెర వైపే ఎక్కువ, అందులో దాచేదేమీ లేదు. సినిమా, గేమ్‌లకు చేసే మనిషి బొమ్మ కదలాలి. దానికి మోచేయి, మోకాలి దగ్గర వల కళ్లు వరుసగా, మడత పడేలా అల్లి ఉండాలి. ఈ తెలివి మనకు కొత్త కాదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలు చూడండి. భుజం, మోచేయి, ఎక్కడ విడదీసి దారంతో కడితే చెయ్యి ఏ మేరకు తిరుగుతుందో లెక్క తెలిసినవాళ్లు చేసినవి. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ఇచ్చారు. యానిమేషన్ నేర్చుకునే పిల్లలు ఒకరోజు అక్కడ కూర్చుంటే చాలా నేర్చుకుంటారు.

అయినా ముందు ఆరు నెలలు మట్టి పట్టమనే చెబుతాను. పెద్ద ఖర్చేమీ లేదు. చెరువు మట్టి ఒక బస్తా, కొంచెం తీగ, ఒక పాత చెంచా. ఒక పాదం చేయండి, నేలకు ఎక్కడ ఆనుతుందో, ఎక్కడ ఆనదో చూడండి. తర్వాత మోకాలు. తర్వాత రెండు కాళ్ల మీద నిలబడే జానెడు మనిషి. అది నాలుగైదుసార్లు కూలిపోతుంది. కూలినప్పుడల్లా బరువు ఎటు పోయిందో కంటికి కనిపిస్తుంది. ఆ కన్ను ఏర్పడ్డాక తెర ముందు కూర్చుంటే లేని బరువును మనసులో పెట్టుకుని చేయగలుగుతారు. మొదటే తెర మీద నేర్చుకుని గొప్పగా చేసేవాళ్లూ ఉన్నారు, నాకు తెలుసు. వాళ్లందరూ ఎక్కడో ఒకచోట, అద్దం ముందో, వ్యాయామశాలలోనో, గీతలు గీస్తూనో బరువును విడిగా నేర్చుకున్నవాళ్లే.

ఆమె నాయన విగ్రహం సంగతికి వస్తే, ఒంటిని కంప్యూటర్లో చేసిందే ఉంచాను. కుడి తుంటి కొంచెం లేపి, అద్దం గీత తీసేసి, కర్ర పట్టిన వైపు భుజం దించాను. యంత్రంతో థర్మోకోల్‌లో ఏడడుగులకు కోయించి, దాని మీద అర అంగుళం మట్టి పూసి, పంచె మడతలు చేత్తో తీశాను. తల మాత్రం మొదటి నుంచి మట్టిలో, నిజమైన కొలతలో మళ్లీ చేశాను. వాళ్ల చిన్నాయన మూడు రోజులు వచ్చి షెడ్డులో పక్కకు తిరిగి కూర్చున్నాడు.

తల ఒక దారికి వచ్చాక ఆమె వాళ్లమ్మను తీసుకొచ్చింది. ఆ పెద్దామె ఫొటోల వైపు చూడలేదు. మట్టి తల చుట్టూ ఒకసారి నడిచి, ఎడమ చెవి దగ్గర ఆగింది. ఫొటోలన్నిటిలో తలపాగా కింద దాగిపోయిన చెవి అది. "ఈ చెవి ఇట్ల ఉండదు నాయనా. పోగు బరువుకు తమ్మె సాగింది" అని, నన్ను అడక్కుండానే రెండు వేళ్లతో మట్టిని పట్టి కిందికి లాగింది. మట్టి పదునుగా ఉంది, లాగినంత సాగి నిలిచింది.

ఆ తలను అలాగే స్కాన్ చేశాను. తెర మీద పెంచి చూస్తే తమ్మె మీద ఆమె వేలిగీతలు స్పష్టంగా ఉన్నాయి. వాటిని నునుపు చేసే బ్రష్ ప్రోగ్రాంలో ఉంది. దాన్ని వాడకుండా ఫైలు మోల్డ్ పనికి పంపాను.